వంగ మొక్కలకు పురుగు పడితే: మందు కంటే ముందు కత్తెర

వంగకు పట్టే పురుగుల్లో చాలావరకు మొక్క బయటే ఉంటాయి. ఆకు కొరుకుతాయి, రసం పీలుస్తాయి. వెతికితే కనిపిస్తాయి, చేతికి దొరుకుతాయి, సరిగ్గా తడిపితే చస్తాయి. అసలు తంటా లోపల దూరే పురుగుతోనే. దానిమీద పైనుంచి ఏం చల్లినా ఒక్క చుక్కా పడదు. వేపనూనె క్రమం తప్పకుండా కొడుతున్నా కోసిన కాయల్లో సగం పుచ్చులే అవుతున్నాయంటే కారణం సాధారణంగా ఇదే. అందుకని సీసా మూత తీసేముందు మొక్కను చూడాలి.

వారానికి రెండుసార్లు, పొద్దున ఎండ ఎక్కకముందు, మొక్కకు రెండు నిమిషాలు కేటాయిస్తే చాలు. ముందు కొమ్మల కొసలు చూడండి, ఎక్కడైనా లేత తల వాలిందేమో. తర్వాత పైన, మధ్యన, కింద ఒక్కో ఆకు తిప్పి అడుగు భాగం చూడండి. ఆఖరున మొగ్గలు, కాయల ముచ్చికలు, మొదట్లో రాలిపడిన ఆకులు. పది రెట్లు పెద్దగా చూపే చిన్న భూతద్దం ఉంటే నల్లికీ దుమ్ముకీ తేడా తెలుస్తుంది.

తల వాలిందంటే

మొక్కంతా నిటారుగా ఉండి ఒకే ఒక్క కొస వాడి వేలాడుతుంటే అది నీళ్లు చాలక కాదు. మొవ్వు, కాయ తొలిచే పురుగు లోపల చేరింది. మొక్క మొత్తం ఒక్కసారిగా వాలితే మాత్రం వేరే సంగతి. ముందు మట్టిలో తడి చూడండి. తడి ఉన్నా వాలిపోతుంటే కాండాన్ని మొదలు దగ్గర కోసి, ఆ ముక్కను గ్లాసుడు తేట నీళ్లలో నిలబెట్టండి. కోసినచోటి నుంచి పాలలాంటి సన్నటి ధారలు దిగితే అది బాక్టీరియా ఎండు తెగులు. దానికి పురుగు మందులతో పనిలేదు, మొక్కను వేళ్లతో సహా పీకేయాలి.

తొలిచే పురుగు ఎలా బతుకుతుందో తెలిస్తే ఎక్కడ దెబ్బ కొట్టాలో తెలుస్తుంది. తల్లి పురుగు తెల్లటి రెక్కల మీద గోధుమ, గులాబి మచ్చలుండే చిన్న రెక్కల పురుగు. రాత్రిపూట తిరుగుతుంది కాబట్టి పగలు కంటబడదు. ఆకుల అడుగున, లేత కొమ్మల మీద, మొగ్గల మీద, ముచ్చికల మీద విడివిడిగా గుడ్లు పెడుతుంది. అవి 3 నుంచి 6 రోజుల్లో పగులుతాయి. పిల్ల పురుగు కొద్ది గంటల్లోనే దగ్గర్లో ఉన్న లేత కొమ్మలోకో కాయలోకో దూరి, దూరిన రంధ్రాన్ని తన విసర్జనతో మూసేస్తుంది. సుమారు రెండు వారాలు లోపలే తిని, గులాబి రంగు తిరిగాక బయటికొస్తుంది. కిందికి దిగి, రాలిన ఆకుల మధ్యనో మట్టి పైపొరలోనో కొమ్మ సందులోనో గూడు కట్టుకుంటుంది. మరో వారం పది రోజులకు అందులోంచి రెక్కల పురుగు వస్తుంది. వేడి వాతావరణంలో ఈ చక్రమంతా నెల లోపే తిరుగుతుంది, చలిలో ఇంకొన్ని వారాలు సాగుతుంది.

ఇందులో మందుకు అందేది ఆ కొద్ది గంటలే. కత్తెరకు అందేది రెండు వారాలు.

కాబట్టి వాలిన తల కనిపించిన రోజే కత్తిరించండి. వాడినచోట కాదు, అక్కడి నుంచి రెండు మూడు అంగుళాలు కిందికి. కోసిన ముఖం చూడండి. మధ్యలో గుల్లగా, నల్లగా, పొట్టులాంటి విసర్జన కనిపిస్తే పురుగు ఇంకా కిందే ఉంది, మరో అంగుళం తగ్గించి కోయండి. బెండు తెల్లగా, గట్టిగా కనిపించేదాకా పోవాలి. కోసిన ముక్కను చీల్చి పురుగు అందులో ఉందో లేదో చూసుకుంటే అనుమానం తీరుతుంది. ఖాళీగా ఉండి పక్కన పెద్ద రంధ్రం ఉంటే అది అప్పటికే దిగిపోయింది. అప్పుడు మొక్క మొదట్లో రాలిన ఆకులన్నీ ఏరి, పై అంగుళం మట్టిని గీకి తీయండి. గూడు అక్కడే దొరకొచ్చు. కోత వల్ల మొక్కకు నష్టం లేదు. కింద కణుపుల నుంచి పక్క కొమ్మలు వస్తాయి, వాటికీ కాయలు కాస్తాయి.

కోసిన కొమ్మల్ని, పుచ్చు కాయల్ని కంపోస్టులో వేయకండి, మొక్క పక్కనే పడేయకండి. ఎక్కువ తప్పు జరిగేది ఇక్కడే. పెద్దయిన పురుగు కోసిన కొమ్మలోంచి కూడా పాకి వెళ్లి గూడు కట్టుకోగలదు. ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించి నాలుగైదు రోజులు మంచి ఎండలో ఉంచండి, లేదా సబ్బునీళ్ల బకెట్లో పూర్తిగా మునిగేలా రెండు రోజులు ఉంచండి. ఆ తర్వాత ఎక్కడ వేసినా ఫరవాలేదు.

కాయలు మొదలయ్యాక పురుగు కొమ్మల కంటే కాయలనే ఎక్కువ ఇష్టపడుతుంది. అందుకే తలలు వాలడం తగ్గింది కదా అని ఊరుకుంటే కాయల్లో తేలుతుంది. ముచ్చిక అంచు కింద సూది మొనంత నల్ల చుక్క ఉంటే పురుగు లోపల ఉన్నట్టు. అగ్గిపుల్ల దూరేంత శుభ్రమైన రంధ్రం ఉంటే బయటికి వెళ్లిపోయినట్టు. మొదటి రకం కాయ ఎంత చిన్నదైనా వెంటనే తెంపండి. పెద్దదయ్యాక పుచ్చు తీసేసి వాడుకుందామని చెట్టునే ఉంచితే, ఆ కాయ తర్వాతి తరాన్ని పెంచి ఇచ్చినట్టే. మంచి కాయల్ని కూడా లేతగానే కోస్తుంటే పురుగుకు లోపల గడిపే సమయం దొరకదు.

పూలు రాలడాన్నంతా పురుగు ఖాతాలో వేయకండి. వంగలో కొన్ని పూలకు కీలం, అంటే పువ్వు మధ్యలోని ఆడ భాగపు కాడ, పొట్టిగా, పుప్పొడి తిత్తుల లోపలే ఉండిపోతుంది. అవి కాయ కట్టకుండా రాలడం మామూలే. రాలిన మొగ్గను విప్పి చూడండి. లోపల పొట్టు, రంధ్రం ఉంటేనే పురుగు పని.

తెర కట్టేవాళ్లకు

ఈ పురుగుకు ఇంటితోటలో తెరను మించిన మందు లేదు. తల్లి పురుగును ఆపడానికి సన్నటి దోమతెర గుడ్డ చాలు. తెల్లదోమను కూడా ఆపాలంటే 50 మెష్ నెట్, అంటే అంగుళానికి 50 కన్నాలుండే నెట్, కావాలి, అయితే అందులో గాలి తగ్గుతుంది, వేడి పెరుగుతుంది. మొక్క ఎదిగే ఎత్తుకు ఒక అడుగు ఎక్కువగా, నాలుగు పక్కలా జానెడు ఎడం ఉండేలా కర్రలతోనో పైపులతోనో చట్రం కట్టండి. ఆకులు తెరకు ఆనుకుంటే బయటి నుంచే వాటిమీద గుడ్లు పడతాయి. కింది అంచును మట్టిలో పాతండి, కుండీ అయితే అంచు చుట్టూ తాడుతో బిగించండి.

తెర కట్టాల్సింది నాటిన రోజే. పోయిన పంటలో వంగ పెరిగిన మట్టిలోనే మళ్లీ నాటి తెర వేస్తే, మట్టిలో ఉన్న గూళ్లలోంచి వచ్చిన పురుగులు తెర లోపలే జతకట్టి గుడ్లు పెడతాయి, మొక్క మొత్తం వాటికే దక్కుతుంది. కొత్త మట్టిగానీ, వేరే జాతి మొక్కలు పెరిగిన మట్టిగానీ వాడండి.

తెరలో తేనెటీగలు రావు కదా, కాయలు కాస్తాయా అనే సందేహం సహజం. వంగ పువ్వు స్వపరాగ సంపర్కంతో కాయ కడుతుంది. కాకపోతే పుప్పొడి తిత్తుల కొసన ఉన్న చిన్న రంధ్రాల్లోంచే పుప్పొడి రాలాలి, అందుకు అదురు కావాలి. పూత సమయంలో రోజూ పొద్దున పువ్వు వెనక కాడను వేలితో నాలుగైదుసార్లు తట్టండి. ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ వెనక భాగాన్ని కాడకు ఆనించినా అదే పని అవుతుంది.

ఆడ పురుగు వాసనను పోలిన ఎర పెట్టి పురుగుల్ని పట్టే లింగాకర్షక బుట్ట గురించి ఆశలు కొంచెం తగ్గించుకోవాలి. దానిలోని ఎర మగ పురుగులనే పిలుస్తుంది. ఎక్కడో జతకట్టి ఎగిరొచ్చే ఆడ పురుగు దానివైపు చూడదు. పెద్ద మడుల్లో బుట్టలు ఎక్కువగా పెట్టి మగవాటిని పట్టేస్తే ఫలితం ఉంటుంది. పది మొక్కల తోటలో ఒక్క బుట్ట పెట్టేది పురుగు ఎప్పుడొచ్చిందో తెలుసుకోవడానికి మాత్రమే. ఎర కొసల ఎత్తులో ఉండాలి, ఎర మీద రాసిన గడువు ప్రకారం మార్చాలి. ఈ పురుగు కోసం తయారైన ఎరే కొనండి. శనగపచ్చ పురుగు ఎర దీనికి పనిచేయదు.

ఇక చల్లే మందులు. బుట్టలో పురుగులు పడటం మొదలైనా, మొదటి తల వాలినా, వేప గింజల కషాయాన్ని వారానికోసారి సాయంత్రం కొట్టండి. లోపలి పురుగు దీనికి చావదు. గుడ్లు పెట్టడానికి వచ్చే తల్లిని కొంత దూరం పెడుతుంది, కొత్తగా పుట్టిన పిల్లల్ని దెబ్బతీస్తుంది. అది చాలనప్పుడు బీటీ పొడి, అంటే బాసిల్లస్ థురింజియెన్సిస్ అనే బాక్టీరియాలో కుర్‌స్టాకీ రకం, లీటరుకు 1 నుంచి 2 గ్రాములు, కొసలు, మొగ్గలు, ముచ్చికలు తడిసేలా కొట్టండి. పురుగు దాన్ని తింటేనే చస్తుంది. ఎండకు ఒకటి రెండు రోజుల్లో బలం పోతుంది, వానకు కొట్టుకుపోతుంది. అందుకే సాయంత్రమే కొట్టాలి, వారం లోపే మళ్లీ కొట్టాలి. జన్యుమార్పిడి బీటీ వంగను తయారుచేసింది కూడా ఈ ఒక్క పురుగు కోసమే. బంగ్లాదేశ్ 2013లో దానికి అనుమతిచ్చింది, భారత ప్రభుత్వం 2010లో నిలిపివేసింది. దాని మంచిచెడుల వాదన పక్కన పెడితే, దానిలో విషపు ప్రొటీన్ మొక్క లోపలే ఉంటుంది కాబట్టి పురుగుకు మొదటి కొరుకులోనే అందుతుంది. పైన చల్లే పొడికి ఆ సౌకర్యం లేదు.

ఆకు జల్లెడ అయితే

ఆకులో పచ్చదనమంతా గీకేసి ఈనెల వలలా మిగిలితే అక్షింతల పురుగులు చేరినట్టు. పెద్ద పురుగు రాగి రంగులో, గుండ్రంగా, వీపు మీద 12 లేదా 28 నల్ల చుక్కలతో ఉంటుంది. పిల్లలు పసుపుపచ్చగా, ఒళ్లంతా ముళ్లతో ఆకు అడుగున మేస్తుంటాయి. గుడ్లు అక్కడే పసుపు రంగులో గుంపుగా నిలబెట్టినట్టు ఉంటాయి. వీటికి మందు కొనక్కర్లేదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మొక్క కింద తెరిచిన గొడుగును తలకిందులుగా పట్టి కొమ్మను కుదిపితే పెద్ద పురుగులు చచ్చినట్టు నటిస్తూ రాలిపడతాయి. సబ్బునీళ్లలో పోయండి. గుడ్ల గుంపులు నలిపేయండి, పిల్లలు గుంపుగా ఉన్న ఆకును తెంపేయండి. మూడు నాలుగు రోజులకోసారి, మూడు వారాలపాటు చేస్తే తగ్గుతుంది.

పేనుబంకను తినే మిత్రపురుగులనూ కొందరు ఇదే పేరుతో పిలుస్తారు, చూడటానికీ దగ్గరగానే ఉంటాయి. తేడా వీపులో ఉంది. మిత్రపురుగు వీపు నున్నగా మెరుస్తుంది, చుక్కలు సాధారణంగా ఆరో ఏడో. ఆకు తినే దాని వీపు సన్నని నూగుతో మసకగా ఉంటుంది. మిత్రపురుగు పిల్లలు ముదురు బూడిద రంగులో, నారింజ మచ్చలతో, చిన్న మొసలిలా చురుగ్గా తిరుగుతాయి. వాటిని వదిలేయండి.

ఆకులో గుండుసూదితో పొడిచినట్టు చిన్న చిన్న రంధ్రాలు, తాకగానే చటుక్కున ఎగిరి దూకే నల్లటి బుల్లి పెంకుపురుగులు కనిపిస్తే అవి నారుకే ప్రమాదం. ఆరేడు ఆకులు వచ్చేదాకా తెర కింద పెంచితే ఆ తర్వాత మొక్క తట్టుకుంటుంది. ఆకును చుట్టి లోపల దాక్కునే పురుగు ఉంటే ఆ చుట్టను వేళ్లతో నొక్కేస్తే సరిపోతుంది.

రసం పీల్చేవి

పచ్చదోమ ఆకు అడుగున లేతాకుపచ్చగా ఉండి, తాకితే ఏటవాలుగా నడుస్తుంది. ఆకు అంచులు ముందు పసుపు తిరిగి, పైకి ముడుచుకుని, చివరికి మాడినట్టు ఎర్రబడతాయి. తెల్లదోమ మొక్కను కదిపితే తెల్లగా లేస్తుంది. పేనుబంక లేత కొసల్లో గుంపుగా ఉండి తీపి జిగురు కారుస్తుంది. దానికి చీమలు వస్తాయి, నల్లటి మసి పడుతుంది. పిండినల్లి కణుపుల దగ్గర తెల్లటి దూదిలా కనిపిస్తుంది.

ఇవన్నీ విపరీతంగా పెరిగితే ముందు ఎరువు లెక్క చూసుకోండి. యూరియాగానీ పచ్చి పశువుల ఎరువుగానీ ఎక్కువైన మొక్క లేత ఆకు మీద ఆకు వేస్తుంది, రసం పీల్చే పురుగుకు అంతకంటే విందు లేదు. నత్రజని ఆపి, అడుగు ఆకులు నాలుగైదు తీసేసి గాలి ఆడేలా చేస్తే సగం పని అవుతుంది.

పేనుబంకకూ పిండినల్లికీ నీటి గొట్టమే తొలి ఆయుధం. ఆకు అడుగున గట్టిగా తగిలేలా మూడు రోజులు వరసగా కొట్టండి. చీమలుంటే కాండానికి వెడల్పు టేపు చుట్టి దానిమీద గ్రీజు పూయండి, లేదా కుండీ పెట్టిన స్టాండు కాళ్లను నీళ్ల గిన్నెల్లో నిలబెట్టండి. చీమలు మిత్రపురుగుల్ని తరిమేస్తాయి కాబట్టి వాటిని ఆపకుండా ఏం కొట్టినా మళ్లీ మొదటికొస్తుంది. పిండినల్లి కొద్దిగా ఉంటే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేయండి. తెల్లదోమకు, పచ్చదోమకు పసుపు జిగురు అట్టలు కొసల ఎత్తులో, నాలుగైదు మొక్కలకు ఒకటి. ఎక్కువ పెడితే మంచి పురుగులూ అంటుకుంటాయి.

తగ్గకపోతే తోటలకు అమ్మే పొటాషియం సబ్బు ద్రావణం లీటరుకు 10 మి.లీ. కలిపి కొట్టండి. పురుగు ఒంటి మీద తడిగా పడితేనే ఇది చంపుతుంది, ఆరిపోయాక దానిలో ఏమీ ఉండదు. గుడ్లు మిగిలిపోతాయి కాబట్టి ఐదారు రోజుల ఎడంతో మూడుసార్లు తప్పదు. ఒకసారి కొట్టి ఆపేసి పనిచేయలేదనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. గిన్నెలు తోమే డిటర్జెంట్ వాడితే ఆకు మీది మైనం పొర పోయి అంచులు కాలతాయి. నీళ్లు ఉప్పగా, కఠినంగా ఉంటే సబ్బు విరిగి తెట్టు కడుతుంది. అలాంటప్పుడు వాన నీళ్లతోనో శుద్ధి చేసిన నీళ్లతోనో కలపండి.

ఆకులన్నీ చిట్టిచిట్టిగా గుబురై, పూత లేకుండా మొక్క చీపురులా తయారైతే అది వెర్రితెగులు, పచ్చదోమ జాతి దోమలు మోసుకొచ్చేది. నయం కాదు. ఎంత పెద్ద మొక్కయినా పీకేయండి, లేకపోతే మిగతావాటికి పాకుతుంది.

ఎర్రనల్లి నిజానికి పురుగు కాదు, ఎనిమిది కాళ్ల సాలెపురుగు జాతిది. ఈ తేడా చిన్నది కాదు. మామూలు పురుగుమందులు చాలావరకు దాన్ని చంపవు, దాన్ని తినేవాటిని చంపుతాయి. అందుకే మందు కొట్టాక నల్లి రెట్టింపయిందనే ఫిర్యాదు వస్తుంది. వేడి, పొడి రోజుల్లో ఆకు పైన తెల్లటి సన్న చుక్కలు, అడుగున సాలెగూడులాంటి పోగులు ఉంటే తెల్లకాగితం మీద ఆకును తట్టండి. కదిలే నలుసులు కనిపిస్తే అదే. ఆకు అడుగును మూడు నాలుగు రోజులు వరసగా నీటితో కడగండి. తగ్గకపోతే నీటిలో కరిగే గంధకం పొడి లీటరుకు 3 గ్రాములు. ఎండ 32 డిగ్రీలు దాటే రోజుల్లో గంధకం వద్దు, నూనె మందు కొట్టిన రెండు వారాల లోపూ వద్దు, ఆకులు మాడిపోతాయి.

వేప మందు కలపడం

వేప గింజల కషాయానికి లీటరు నీటికి 50 గ్రాముల గింజల పప్పు కావాలి. పొట్టు తీసి దంచి, పలచటి గుడ్డలో మూటకట్టి కొద్ది నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున మూటను పిసుకుతూ, పాలలాంటి రసం రావడం ఆగేదాకా పిండండి. రెండు మడతల గుడ్డలో వడగట్టి, లీటరు చేసి, ఒక మి.లీ. సబ్బు ద్రావణం కలిపి ఆ సాయంత్రమే వాడేయండి. దాచిపెడితే బలం పోతుంది. ఏడాది దాటిన గింజలు, బూజు పట్టినవి వద్దు. సరిగ్గా వడగట్టకపోతే నాజిల్ రెండో నిమిషానికే మూసుకుపోతుంది.

నూనె వాడితే 1500 పీపీఎం రకం (పురుగును దెబ్బతీసే అజాడిరక్టిన్ అనే పదార్థం పది లక్షల్లో 1500 వంతులు ఉన్నది) లీటరుకు 5 మి.లీ. నూనెను ముందు సబ్బు ద్రావణంతో కలిపి, తెల్లగా అయ్యాక కొద్దికొద్దిగా నీళ్లు పోయండి. నీళ్లలో నేరుగా నూనె పోస్తే పైన తేలుతుంది. అప్పుడు మొదటి మొక్కకు వట్టి నీళ్లు, చివరి మొక్కకు వట్టి నూనె పడుతుంది, ఆ చివరిది కాలిపోతుంది. కొడుతున్నంతసేపూ డబ్బా కుదుపుతుండండి. మొదటిసారైతే రెండు ఆకుల మీద కొట్టి రెండు రోజులు ఆగి చూడండి. నాజిల్ ఎప్పుడూ పైకి తిప్పి, ఆకు అడుగు నుంచి కొట్టాలి. వాడిన మొక్క మీద, మిట్ట మధ్యాహ్నం కొట్టకూడదు.

పొగాకు కషాయం సహజమే కదా అని వాడకండి. నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి ఎక్కే విషం. పైగా వంగ, టమాటా, మిరపలకు సోకే మొజాయిక్ వైరస్ పొగాకు ద్వారా రావచ్చు. మట్టిలో వేసే గుళికల మందులు కూడా కుండీ వంగకు పనికిరావు. అవి వేళ్ల గుండా కాయలోకి చేరతాయి, మనం వారానికి రెండుసార్లు కోస్తాం. అన్నీ విఫలమైతే స్పినోసాడ్ అనే, మట్టి బాక్టీరియా నుంచి తీసిన పురుగుమందును ఒకటి రెండుసార్లు, వంగకు రాసి ఉన్న లేబుల్ మోతాదులోనే, తేనెటీగలు ఇంటికి చేరిన తర్వాత సాయంత్రం కొట్టొచ్చు. కొట్టిన తర్వాత కాయ కోయడానికి ఎన్ని రోజులు ఆగాలో లేబుల్ మీదే ఉంటుంది.

మొక్క మరీ పాడైతే

ప్రతి కొమ్మలోనూ పుచ్చు ఉంటే ఒక్కొక్కటీ వెతుక్కుంటూ కూర్చోకండి. కాండం ఆరోగ్యంగా ఉంటే జానెడున్నర ఎత్తు వదిలి మొత్తం నరికేయండి. కాండం గుల్లగా ఉందేమో కోసినచోట చూడండి. ఉంటే కాండం తొలిచే పురుగు కూడా చేరినట్టే, ఆ మొక్క పీకేయడం మేలు. నరికాక ఆకులన్నీ ఏరేసి, పై అంగుళం మట్టి మార్చి, ఒక గుప్పెడు వేపపిండి కలిపి నీళ్లు పోయండి. రెండు మూడు వారాల్లో కొత్త చిగురు వస్తుంది. ఆ చిగురు బయటికొచ్చేముందే తెర కట్టేస్తే కొత్త మొక్క నాటినంత ఫలితం ఉంటుంది.

పంట అయిపోయాక ఎండిన మొక్కల్ని మూల పేర్చి ఉంచకండి, వాటి కొమ్మల్లోనే గూళ్లు ఉంటాయి. చుట్టుపక్కల కామంచి మొక్కలుంటే పీకేయండి, ఈ పురుగు వాటిమీద కూడా బతుకుతుంది. అదే మట్టిలో తర్వాతి పంటగా టమాటా, బంగాళాదుంప కాకుండా చిక్కుడో బెండో ఆకుకూరో వేయండి.